కొయ్యగరుడుని చేసిన వడ్రంగి

పంచతంత్రమున మిత్రభేదమునందు ఒక సాలెవాని కథ కలదు. సోదరీమణులలో పెక్కండ్రు దానిని వినియే యుందురు. రాజకుమార్తెను చూచి మోహించి, అన్నపానములు మాని కృశించుచున్న ఆ సాలెవానికి వాని స్నేహితుడైన వడ్రంగి కొయ్యతో ఒక గరుడపక్షిని చేసి యిచ్చును. మర త్రిప్పిన నది యెగురును. సాలెవాడు శంఖచక్రములు ధరించి, దానిపై నెక్కి, రాత్రివేళ అంతఃపురపు మేడపై దిగి, తానే విష్ణుమూర్తినని చెప్పి రాకుమార్తెను వరించును. తరువాత శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు, వీడు చచ్చినచో తన పేరునకే అప్రతిష్ఠ కలుగునని శ్రీమహావిష్ణువే వానియందు ప్రవేశించి గెలిపించును. సాలెవానికి రాకుమార్తెయు రాజ్యభాగమును దక్కెను.

నా పదవయేట మా నాయనగారు ఈ కథ చెప్పినప్పుడు, "మరి వడ్రంగికి ఏమి వచ్చినది?" అని అడిగితిని. ఆయన పుస్తకము త్రిప్పి చూచి నవ్వి, "వాని మాట గ్రంథకర్త మరచినట్లున్నాడమ్మా" అనిరి. ఎగిరినవాని పేరు నిలుచుట, చేసినవాని పేరు పోవుట లోకమున క్రొత్త కాదు. ఈ నెల నేను వ్రాయదలచినది ఆ వడ్రంగుల వంశమువారిని గూర్చి. వారిలో స్త్రీలును గలరు గనుక ఈ శీర్షికకు ఈ విషయము తగినదే యని నా తలంపు.

మేమున్న మధురానగరునకు బేగంపేట విమానాశ్రయము కూతవేటు దూరము కాకున్నను, మెట్రో బండిలో కొద్ది నిలయముల దూరమే. నేను ఈ వీధికి కాపురమునకు వచ్చునప్పటికే అచ్చటి ప్రయాణికుల విమానములు నిలిచిపోయినవి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినప్పుడు అవి యన్నియు నటు తరలినవి. మా వీధి చివరి యింటి మామ్మగారు మాత్రము నేటికిని సాయంకాలము తులసికోటకు దీపము పెట్టి తల యెత్తి చూచును. "ఆరు గంటలకు బొంబాయిది దిగేదమ్మాయీ, గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడు వినే నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని" అని చెప్పుచుండును. ఆమెకు ఎనుబదియైదేండ్లు. చెవి కొంచెము మందమైనది గాని జ్ఞాపకము మందము కాలేదు.

ఈ మామ్మగారి అత్తవారిది పూర్వపు అనంతపురము జిల్లాలో హిందూపురము దాపుననున్న పల్లె. అచ్చటినుండి బెంగుళూరు దగ్గర. ఆమె మామగారు హిందూస్థాన్ విమాన కర్మాగారమున ఫిట్టరు. భర్త అచ్చటనే పని నేర్చి, 1960ల చివర హైదరాబాదు బాలానగరు శాఖకు వచ్చి, 1990ల మొదట విశ్రాంతి పొందిరి. ఇరువురును ఒక్కమారైన విమానమెక్కి యెరుగరు. తాతగారు గతించి పదునొకండేండ్లైనది. మామ్మగారి మాటలలో నాకు సగము తెలియక, తెలియనిదానిని చదివి తెలిసికొని, మరల పోయి అడుగుచు ఈ వేసవి గడపితిని.

బెంగుళూరి కర్మాగారము పుట్టుక ఒక కథవంటిది. వాల్‌చంద్ హీరాచంద్ అను వర్తకుడు, యుద్ధకాలమున మన దేశమున విమానములు చేయు చోటు ఒక్కటియు లేకుండుటను గమనించి, మైసూరు ప్రభుత్వమువారి భూమియు ధనసహాయమును పొంది, 1940 డిసెంబరు 23వ తేదీన ఆ సంస్థను స్థాపించెను. అప్పటి మైసూరు దివాను మీర్జా ఇస్మాయిల్‌గారు. మరుసటి సంవత్సరముననే శిక్షణకు పనికివచ్చు హార్లో విమానమొకటి అచ్చట కూర్పబడి యెగిరినది. 1942లో నాటి భారత ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొన్నది. ఆపై యుద్ధము ముగియువరకు అమెరికా సేనల విమానములకు అది మరమ్మతుల స్థలమయ్యెను. నీటిపై దిగు కటాలీనా విమానములు బెళ్ళందూరు చెరువులో వ్రాలెడివట. చెరువున బట్టలుదుకువారు పెద్ద పక్షి దిగినదని పరుగెత్తిరని మామ్మగారి మామగారు చెప్పెడివారట. అది నిజమో, వారి చమత్కారమో!

యుద్ధమైనపిమ్మట ఏమైనదో వినుడు. ఆంగ్లేయులు వెడలిపోవుచు, కాన్పూరున పదులకొలది లిబరేటరు బాంబరులను, ఇక నెవ్వరును వాడలేకుండునట్లు పాడుచేసి విడిచిరి. యంత్రములలో ఇసుక పోసిరి, కొలతల అద్దములు పగులగొట్టిరి. మనవారు ఆ శవములనుండి పనికివచ్చువానిని ఏరి, అతుకులు వేసి, ఎగురగలిగినంతమాత్రము చేయగా, జంషెడ్ కైకోబాద్ మున్షీ అను పైలటు ఒక్కొక్కదానినే బెంగుళూరునకు ఎగురవేసికొని వచ్చెను. కర్మాగారమున వానిని విప్పి, కడిగి, మరల కూర్చిరి. 1948లో అవి భారత వైమానికదళమున చేరి, ఇరువదియేండ్లు కొలువు చేసినవి! వానిలో నొకటి 1974లో బ్రిటిషు వైమానిక ప్రదర్శనశాలకు కానుకగా పోయినది. పగులగొట్టి పోయినవారికి బాగుచేసి పంపితిమి. మున్షీగారి సాహసమునకు చేతులు జోడింపవలసినదే. కాని ఆ ఇసుకను గవ్వంత సందులనుండియు బ్రుష్షుతో తీసినవా రెవ్వరు? ఆ వందలమందిలో మామ్మగారి మామగారొకరు. వారు ఇంటికి వచ్చి స్నానము చేసినను గోళ్ళసందుల నూనె నలుపు పోయెడిది కాదనియు, అందుచేత పితృకార్యము నాడు మాత్రము చింతపండుతో గంటసేపు తోముకొనెడివారనియు ఆమె చెప్పినది. కొన్ని చరిత్రలు గ్రంథములలో నుండవు, గోళ్ళసందుల నుండును.

ఆ సంస్థవారు తమ విమానములకు పెట్టిన పేర్లు వినుటకు నాకు ముచ్చట. 1951లో ఘాటగేగారి ఆధ్వర్యమున తయారై యెగిరిన హెచ్.టి.2 తరువాత, 1958లో వచ్చిన రెండు సీట్ల చిన్న విమానమునకు పుష్పకమని పేరిడిరి. కుబేరుని పుష్పకమునకు ఎందరు ఎక్కినను మరియొకరికి చోటుండునని ప్రసిద్ధి. ఈ పుష్పకమున ఇరువురు పట్టుటయే కష్టము. ఐనను ఫ్లయింగు క్లబ్బులలో మన దేశపు యువకులు పలువురు దానిపైననే ఎగురుట నేర్చిరి. దాని చట్టముపైని కప్పు గుడ్డయే. గుడ్డను బిగువుగా తొడిగి, కుట్టి, పైని వార్నీషువంటి మందు పూయుదురు. ఎండిన కొలదిని అది మృదంగపు మూతవలె బిగిసికొనును. 1961లో ఎగిరిన యుద్ధవిమానమునకు మారుత్ అని పేరు; దానిని రూపొందించినవాడు కుర్ట్ టాంక్ అను జర్మను నిపుణుడు.

ఇచ్చట ఒక మాట. విమానములు మన పూర్వులకు తెలిసినవేనని, ఆధునికులు మన గ్రంథములనుండి దొంగిలించిరని చెప్పువారు మన యిండ్లలో నున్నారు. భోజమహారాజు సమరాంగణసూత్రధారమున పాదరసపు పాత్రతో నెగురు కొయ్యపక్షిని వర్ణించిన మాట నిజమే. కాని దానిని కూర్చు విధమును తెలియక కాక, రహస్యమును కాపాడుటకై చెప్పుట లేదని ఆయనయే వ్రాసెను. వైమానికశాస్త్రమని ప్రచారమందున్న గ్రంథమును బెంగుళూరు విజ్ఞానసంస్థ పండితులు 1974లో పరిశీలించి, అది ఇరువదవ శతాబ్దపు రచనయే యనియు, అందు చెప్పిన యంత్రములు ఎగురజాలవనియు తేల్చిరి. పురాణములను నేను ప్రేమింతును గనుకనే ఈ మాట చెప్పుచున్నాను. వాల్మీకి పుష్పకమునకు మన సాక్ష్యపత్రము అక్కరలేదు. రహస్యముగా నుంచిన విద్య నశించును. ఫిట్టరు కుమారునికి ఫిట్టరు చెప్పిన విద్య నిలుచును.

హైదరాబాదునకు విమానముతో గల సంబంధము నూరేండ్లు దాటినది. 1918లో ఏడవ నిజాము ధనముతో బ్రిటిషు వైమానికదళపు 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్.9ఏ విమానములు సమకూరినవి. వానిపై హైదరాబాదు పేరు వ్రాసిరి. కొయ్యచట్టము, పైని నారబట్ట. ఆ కాలమున ఇంగ్లండులో రెక్కల గుడ్డ కుట్టినవారిలో ఎక్కువమంది స్త్రీలు. పురుషులు యుద్ధమునకు పోగా సూదిపట్టగలవారికి ఆ పని దొరికినది. ఆ హైదరాబాదు విమానములలో నొకటి జర్మనుల చేతికి చిక్కి, పోలండు చేరి, కడకు లండనులోని ప్రదర్శనశాలలో నేటికిని నిలిచియున్నది. దాని రెక్కపై ఎవతె కుట్టిన కుట్టో, దానిని చూడ పోవువారెవ్వరును ఆలోచింపరు గాక.

సూది ప్రసంగము వచ్చినది గనుక రైటు సోదరుల మాట చెప్పెదను. వారి తల్లి సుసాన్ బండ్లు చేయువాని కుమార్తె. ఇంటిలో ఏది విరిగినను బాగుచేయుటయు, పిల్లలకు ఆటవస్తువులు తన చేతితో చేసి యిచ్చుటయు ఆమె పని. తండ్రి మతాచార్యుడు, ఆయనకు మేకు కొట్టుటయు సరిగా రాదని చెప్పుదురు. ఆయన 1878లో ఊరినుండి వచ్చుచు పిల్లలకొక బొమ్మ తెచ్చెను. వెదురు, బెండు, కాగితము, ఒక రబ్బరు పట్టి: త్రిప్పి విడిచినచో పైకప్పునకు ఎగిరెడిది. అది ఆల్ఫోన్స్ పెనో అను ఫ్రెంచి యువకుని యుక్తి. ఆ బొమ్మ విరిగినది గాని దాని తలపోత విరుగలేదు. 1900లో ఆ సోదరులు సముద్రతీరమున తమ మొదటి గ్లైడరును పరీక్షింప బోయినప్పుడు, రెక్కల గుడ్డను సరిచేయుటకు తమకు బసయిచ్చిన టేటు గృహిణి కుట్టుమిషనునే వాడుకొనిరి. పరీక్షలైనపిమ్మట గ్లైడరును అచ్చటనే విడిచిపోగా, ఆ యిల్లాలు రెక్కల సాటీను గుడ్డ విప్పి తన ఆడపిల్లలిద్దరికి గౌనులు కుట్టినది! మూడేండ్లకు, 1903 డిసెంబరు 17న, మనుష్యుడు యంత్రముతో నెగిరెను. ఆ గౌనులు అప్పటికి చిరిగియుండును. ఆ యిల్లాలు చేసినపని నాకు మిగుల నచ్చినది. మనలో ఎవరైనను అదియే చేసియుందుము.

ఇక ఆ బొమ్మవిమానముల సంగతి. సంక్రాంతికి మన పిల్లలు చేయు పతంగికిని దీనికిని చుట్టరికము దగ్గరిదే. పతంగిని దారము పట్టియుండును, దీనిని పట్టువారు లేరు, అదియే భేదము. పరదేశములందు దీనికి బాల్సా యను తేలిక కర్రను వాడుదురు, అది దక్షిణ అమెరికాలోని ఈక్వడారునుండి వచ్చును. మనయింట కొబ్బరియీనెలు, సన్నని వెదురుబద్దలు, పతంగి కాగితము, మైదాజిగురు చాలును. రెక్కలు రెండును సమమైన బరువుండవలెను. కొసలు కొంచెము పైకి లేచియుండవలెను, అప్పుడు ప్రక్కకు ఒరిగినను తానే సర్దుకొనును. రెక్క వెడల్పులో ముందునుండి మూడవవంతు చోట వ్రేళ్ళపై నిలిపినచో త్రాసువలె నిలువవలెను. ముక్కు తేలినచో అక్కడ కొంచెము మైనము పెట్టుదురు. కాగితము అంటించిన తరువాత నీళ్ళు తుంపరగా చల్లి ఆరనిచ్చినచో ముడుతలు పోయి బిగియును. చీరకు గంజిపెట్టు చేతికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ముందు తిరుగు చక్రమును రబ్బరు పట్టి నడుపును. ఆ రబ్బరునకు ఆముదము రాచినచో ఒకదానినొకటి ఒరసికొనక ఎక్కువ చుట్లు ఓర్చుకొనును. పోటీ యనగా ఎంత వేగము పోయినదని కాదు, ఎంతసేపు గాలిలో నిలిచినదని. 1928 మొదలు వేక్‌ఫీల్డు కప్పు పేరున దేశదేశముల వారు కూడి ఆడు పోటీకిని ఇదియే మూలము. ఎండకు వేడెక్కి లేచు గాలి తగిలినచో కాగితపు బొమ్మ గ్రద్దవలె చుట్లు తిరుగుచు పైకి పోవును. మంచి పోటీదారుడు విడుచుటకు ముందు గడ్డిపరకలవంక చూచుచు నిలుచుండునట.

మామ్మగారి భర్త బెంగుళూరున పడుచువాడుగా నున్నప్పుడు ఈ బొమ్మలు చేసెడివారు. హైదరాబాదు వచ్చిన పిమ్మట కూతునకును కొడుకునకును నేర్పిరి. కొడుకునకు ఓపిక తక్కువ. కూతురు మాత్రము ఒక్కొక్క యీనెను బ్లేడుతో గీసి, అరచేతిలో తూచి చూచెడిది. 1974లో నగరమున ఒక సంఘమువారు ఇట్టి పోటీ జరిపిరి. అప్పటికి ఆ పిల్లకు పండ్రెండేండ్లు. మైదానమునకు పోయిన తరువాత తెలిసినది, అది బాలురకు మాత్రమేనని. తండ్రి కొంతసేపు వాదించి, కడకు పదియేండ్ల తమ్ముని పేరు వ్రాయించిరి. విమానమును చేసినది అక్క, రబ్బరు త్రిప్పినది అక్క. గీతకడకు పోయి విడిచినది తమ్ముడు. నలువదియొక్క సెకనులు ఎగిరి రెండవ బహుమతి గెలిచినది. వెండిరంగు కప్పును తమ్ముని చేతిలో పెట్టి ఛాయాచిత్రము తీసిరి.

"ఆ ఫొటోలో అది లేదమ్మాయీ. ఒక మూలకు దాని పావడా అంచు మాత్రం పడింది" అని మామ్మగారు చెప్పి, ఆ చిత్రము తెచ్చి చూపినది. కప్పు అమెరికాలో కొడుకింటిలో నున్నది. అతడు చెడ్డవాడు కాడు. పిల్లలకు దానిని చూపి "మా అక్క గెలిచినది" అనియే చెప్పునట. ఆ అక్క తరువాత గణితము చదివి, ఉపాధ్యాయురాలై, మొన్నమొన్న విశ్రాంతి తీసికొన్నది. నేను ఫోనున పలుకరించి ఆ సంగతి అడిగితిని. కష్టముగా నుండెనా యని అడుగుటకు నోరు రాక, ఎట్లు చేసితిరని అడిగితిని. ఆమె నవ్వి, "మూడువందల ఇరవై చుట్లు తిప్పాను. ఇంకో ఇరవై ఓర్చేదే, భయపడి మానాను" అనినది. అర్ధశతాబ్దమైనను ఆమెకు మనస్సున మెదలుచున్నది కప్పు కాదు, ఆ ఇరువది చుట్లు.

ఆ కాలమునకు పూర్వమే బేగంపేటనుండి ఒక స్త్రీ విమానము నడపినదని ఆ పోటీ జరిపినవారికి తెలియునో తెలియదో. నిజాము ప్రభుత్వపు ప్రధాన భాగస్వామ్యముతో 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపితమైనది. 1947లో అలహాబాదు క్లబ్బున లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ పని అడుగగా ఎనిమిది సంస్థలు త్రోసిపుచ్చినవని ప్రసిద్ధి. స్త్రీ నడపునని తెలిసినచో ప్రయాణికులు జడియుదురని ఒకరు చెప్పిరట. చేర్చుకొన్నది మన హైదరాబాదు సంస్థ. వాణిజ్యవిమానము నడపిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. 1949లో జాతీయ విమానపందెమునను గెలిచినది. ఇచ్చట మనము గర్వింపవచ్చును గాని సగమే గర్వింపవలెను. కావలసిన గంటలన్నియు ఎగిరిన పిమ్మటను ఆమెకు సహాయపైలటు పీటయే గాని నాయకత్వపు పీట ఇయ్యలేదు. ఆమె విసిగి వెడలిపోయి, కొంతకాలము బిర్లాగారి సొంత విమానమును నడపి, 1953లో దక్కన్ మొదలగు ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయినప్పుడు దానిలో చేరినది. తలుపు తెరచి గడపమీదనే నిలుపుట మన యిండ్లలోను కలదు.

మగవారు యుద్ధమునకు పోయినప్పుడు మాత్రము లోకము ఆడుదాని చేతిని వెంటనే గుర్తించును. రెండవ యుద్ధకాలమున అమెరికాలో విల్లోరన్ అనుచోట ఫోర్డువారు ఆ లిబరేటరు బాంబరులనే, ఉచ్చస్థితిలో గంటకొకటి చొప్పున చేసిరి. పనివారిలో సుమారు మూడవవంతు స్త్రీలు. రేకును రేకుతో కలుపుటకు రివెట్లు కొట్టుట వారి ప్రధాన పని. దీనికి ఇరువురు కావలెను. ఒకరు ఈవలనుండి తుపాకివంటి సాధనముతో కొట్టగా, రెండవవారు ఆవల ఇనుపదిమ్మె అదిమి పట్టుదురు. రేకు అడ్డము, చెవులు చిల్లులుపడు చప్పుడు. ఒకరి ముఖమొకరికి కనబడదు. రేకుపై తట్టి, సరియైనదో మరల కొట్టవలెనో తెలుపుకొందురు. యుద్ధము ముగియగానే, చేసిన సేవకు ధన్యవాదములు చెప్పి, వారిలో ఎక్కువమందిని ఇండ్లకు పంపిరి.

బాలానగరు కర్మాగారపు పని వేరు. 1960లలో రష్యావారి మిగ్-21 విమానమును మనదేశమున చేయ నిశ్చయించినప్పుడు, చట్టము నాసికునకు, యంత్రము ఒరిస్సాలోని కోరాపుటునకు, రేడియో మొదలగు విద్యుత్పరికరములు హైదరాబాదునకు పంచిరి. మామ్మగారి భర్త ఆ పెట్టెలను కూర్చి పరీక్షించెడివారు. ఒక స్క్రూ తక్కువైనచో దొరకువరకు ఎవ్వరును ఇంటికి పోరాదు; అది విమానమున జారి పడి తిరుగుచున్నచో ప్రాణాపాయము. అందుచేత పండుగ వంటలైన తరువాత ఆయన స్వయముగా గరిటెలు లెక్కపెట్టెడివారట! 2025 సెప్టెంబరు 26న చండీగఢులో మిగ్-21 విమానములు కొలువునుండి వీడ్కోలు పొందినవి. అరువదిరెండేండ్ల సేవ. మామ్మగారు దూరదర్శనమున ఆ యుత్సవము చూచినది. పైలటులకు వందనము చేసిరి, పూలు చల్లిరి. ఆమె ఏమియు అనలేదు. కార్యక్రమము ముగిసిన తరువాత లేచి, గోడమీది భర్త పటమునకు గంధము పెట్టినది.

ఇప్పుడు అసలు సంగతి. మా వదినగారి కుమార్తె నల్లగొండలో పాలిటెక్నిక్ ముగించినది. ఇరువదియేండ్లది. హైదరాబాదునకు దక్షిణమున ఆదిభట్ల ప్రాంతమున ఈ పదునైదేండ్లలో విమానభాగములు చేయు కర్మాగారములు వెలసినవని మీరు పత్రికలలో చదివియుందురు. సి-130 సరకువిమానముల తోకభాగములు, అపాచీ హెలికాప్టరుల దేహములు అచ్చటనే కూర్చి సముద్రము దాటించుచున్నారు. మొదటి అపాచీ దేహము 2018లో పోయినది. రఫేలు విమానదేహములను హైదరాబాదున చేయుటకు 2025 జూనులో ఒప్పందమైనది. అట్టి ఒకచోట మా పిల్లకు శిక్షణతో కూడిన పని దొరికినది. రివెట్ల పనియే. ఇంటిలో కలకలము. "కంప్యూటరు ముందు కూర్చుండు పనియైన సరే, ఇనుము కొట్టు పనియా? రేపు సంబంధము వచ్చినప్పుడు ఏమని చెప్పుదుము?" అని వదినగారు. ఉపాధ్యాయుడు గదా యని మా వారిని తీర్పు చెప్పుమనిరి. ఆయన పిల్లను చూచి "నీకిష్టమేనా?" అని అడిగి, ఔననగానే తమ తీర్పు ముగిసినదని పత్రిక చేతబట్టిరి. పురుషులకు ఇది సులభము. మిగిలిన మాటలు మాపై పడినవి.

నేను వదినగారి భయమును పరిహసింపలేను. ఆమె అడిగిన ప్రశ్నలలో సగము న్యాయమైనవి. రాత్రి పాళి యున్నదా? ఉన్నచో ఇంటివరకు బండి యున్నదా, లేక కూడలిలో దింపి పోవుదురా? వసతిగృహమెవరిది? శిక్షణకాలమున జీతమెంత, ఆ తరువాత నిలుపుదురని కాగితముపై వ్రాసి యిచ్చుచున్నారా? మధ్యలో మానినచో చదువు పత్రములు పట్టియుంచుదురా? చెవులకు రక్షణ ఇత్తురా? వీనిని వరుసగా వ్రాసి పిల్లచేతికిచ్చి, అడిగి రమ్మంటిమి. మూడింటికి మంచి సమాధానము, రెంటికి మధ్యస్థము, జీతము సంగతి పెదవి విరుపు. అవి ఆలోచింపవలసినవి. కాని రెండవ సగమున్నదే, నలుగురేమందురు, చేతులు మొరటగును, వరుడు దొరకడు అనునది, దానికి నాయొద్ద సమాధానము లేదు; ఓపికయు తక్కువ. అరువదియేండ్లు పిండి రుబ్బిన చేతులను మొరటని ఎవ్వరును అనలేదే!

వాదము తెగక, ఒక ఆదివారము వదినగారిని పిల్లతో కూడ మామ్మగారియింటికి తీసికొనిపోతిని. మామ్మగారు హితబోధ ఏమియు చేయలేదు. పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని, పనిలో రివెటు తల పగిలినచో ఏమి చేయుదురని అడిగినది. పిల్ల, పగిలినదానిని తొలిచి తీసి, రంధ్రము వెడల్పు కొలిచి, అవసరమైనచో ఒక అంకె పెద్దది వేయవలెనని చెప్పినది. "ఆయనా అదే చెప్పేవారు" అని మామ్మగారు లోనికి పోయి, మైనపుగుడ్డలో చుట్టిన వెర్నియరు కొలబద్ద తెచ్చి పిల్ల ఒడిలో పెట్టినది. అది తాతగారి సొంతము. దాని అంకెలు అరిగినవి గాని జారుడు నేటికిని నెయ్యివలె నున్నది. కొడుకునకు ఇయ్యలేదు, కూతురు వలదనినదట. పిల్ల దానిని త్రిప్పి చూచి, ప్రక్కనున్న కాఫీలోటా అంచు మందమును కొలిచి పైకి చదివినది. వదినగారు లోటాను, పిల్లను, కొలబద్దను చూచుచు కూర్చుండినది.

చేరవలసిన గడువు వచ్చు నెల మొదటి సోమవారము. వదినగారు ఇంకను ఔననలేదు, కాదనలేదు. నిన్న రాత్రి మాత్రము ఫోను చేసి, ఆదిభట్ల బస్సు ఉదయము ఎన్ని గంటలకని, దానిలో ఆడపిల్లలెందరుందురని అడిగినది.